కోర్టుకెక్కని మ్యాపు

ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో అమ్మకు కూడా. ఒక హైకోర్టు కేసును గెలిపించగలిగిన మ్యాపును నేను గీశాను. తీర్పు వెలువడిన రోజు అది కోర్టు హాల్లోనే, నా ఒళ్ళో, చుట్టి రబ్బరుబ్యాండు వేసి ఉంది. దాన్ని ఎవరూ విప్పలేదు. ఎందుకు విప్పలేదో ఇప్పుడు రాస్తున్నాను. ఆ చోటు పేరు మాత్రం రాయను. మనుషుల పేర్లు కూడా మార్చాను.

అది 2022. బెంగళూరులో వార్డుల హద్దులు మళ్ళీ గీస్తున్న సంవత్సరం. చిక్కపేట పక్కసందులో ఒక హార్డ్‌వేర్ హోల్‌సేల్ కొట్టు పైన మా ఆఫీసు. కింద పొద్దస్తమానం ఇనుప పైపులు బండ్లకెత్తే చప్పుడు, పైన మేం కంప్యూటర్ల ముందు మ్యాపులు గీసే నలుగురం. భూమి తగాదాలు, దారి తగాదాలు, హద్దు తగాదాలు ఉన్న లాయర్లు మా దగ్గరికి వస్తారు. పాత సర్వే మ్యాపునూ ఇప్పటి ఉపగ్రహ చిత్రాన్నీ సరిపోల్చి, కోర్టులో పెట్టుకోవడానికి వీలుగా మేం కొత్త మ్యాపు తయారుచేస్తాం. మనుషులతో ఎక్కువ మాట్లాడనక్కరలేని ఉద్యోగం అనే నేను ఇందులో చేరాను. మెట్రోలో కథల పుస్తకం, ఆఫీసులో గీతలు, రాత్రి పడుకోబోయే ముందు డైరీ. అంతకు మించి నాకు పెద్ద జీవితం లేదు, కావాలని అనిపించనూ లేదు.

డీలిమిటేషన్ అంటే ఓటర్ల ప్రాంతాల హద్దులు మళ్ళీ గీయడం. అసెంబ్లీ నియోజకవర్గానికైనా నగరంలోని వార్డుకైనా దాని తీరు దాదాపు ఒకటే. ఒక్కో ప్రాంతంలో జనాభా ఇంచుమించు సమానంగా ఉండాలి. హద్దు ఎక్కడపడితే అక్కడ పోకూడదు. రోడ్డో, రైలు పట్టాలో, కాలువో, కంటికి ఆనేది ఏదో ఒకటి పట్టుకుని పోవాలి. మ్యాపుతో పాటు ఆ హద్దును మాటల్లో కూడా రాస్తారు. ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాల్లో చెక్కుబందీ రాసినట్టే ఉంటుంది: ఫలానా మలుపు నుంచి ఫలానా కాలువ వెంబడి దక్షిణంగా, అక్కడి నుంచి తూర్పుగా. ముందు డ్రాఫ్ట్ ఇస్తారు, అభ్యంతరాలు తీసుకుంటారు, చివరికి నోటిఫికేషన్ వస్తుంది. ఆ తరువాత కోర్టుకు పోయినా కోర్టులు మామూలుగా జోక్యం చేసుకోవు.

గ్రేస్ మేడమ్ ఆ నోటిఫికేషన్ పట్టుకునే మా మెట్లెక్కి వచ్చింది. ఆవిడది గుంటూరు. హైకోర్టులో ప్రాక్టీసు. పెద్ద గొంతు. ఆవిడ వస్తున్నట్టు కింది కొట్టువాళ్ళకే ముందు తెలిసేది.

"చూడు హేమా, ఈ వార్డు హద్దు రాజకాలువ వెంబడి పోతుందని రాశారు. నేను వెళ్ళి చూశా. అక్కడ కాలువ లేదు, వీధి ఉంది. లేదని బొమ్మలో చూపించు చాలు," అంది.

రాజకాలువ అంటే ఒక చెరువు నిండితే ఆ నీళ్ళను కింది చెరువుకు తీసుకుపోయే పెద్ద కాలువ. ఈ ఊరి కింద అవి నరాల్లాగా ఉంటాయి. చాలావాటి మీద ఇప్పుడు రోడ్లున్నాయి.

కేసు వేసింది సర్జాపుర రోడ్డు వైపు ఒక కాలనీవాళ్ళు. దాన్ని మేస్త్రీల వీధి అందాం. కదిరి, మదనపల్లె, రాయచోటి వైపుల నుంచి అపార్టుమెంట్లు కట్టడానికి వచ్చి, కట్టిన అపార్టుమెంట్ల వెనకే ఉండిపోయిన కుటుంబాలు. ఒక పొడవాటి వీధి, దానికి అటూ ఇటూ ఎదురెదురుగా ఇళ్ళు. కొత్త హద్దు సరిగ్గా వీధి మధ్య నుంచి పోయింది. పడమటి వరుస ఒక వార్డులో, తూర్పు వరుస ఇంకో వార్డులో పడ్డాయి. ఓట్లన్నీ ఒకచోట ఉన్నన్నాళ్ళూ కార్పొరేటర్లు ఆ వీధికి రాక తప్పలేదు. అలాగే వీధిదీపాలు వచ్చాయి, ట్యాంకరు వచ్చింది, కావేరి నీళ్ళ పైపు వేస్తామన్న మాట వచ్చింది. ఇప్పుడు రెండు ముక్కలూ రెండు పెద్ద వార్డుల చివర్న, అపార్టుమెంట్ల ఓట్ల పక్కన ఆవగింజలవుతాయి. వాళ్ళు అభ్యంతరం రాసిచ్చారు. గ్రామ నక్షలో, అంటే ఊరి పాత సర్వే మ్యాపులో, రాజకాలువ ఉంది కాబట్టి హద్దు సరైనదే అని ఒక్క వాక్యంలో జవాబొచ్చింది. దాంతో రిట్ పిటిషన్ వేశారు.

మ్యాపు గీసే ముందు చోటు చూడాలి. నేను జీపీఎస్ పరికరం పట్టుకుని వెళ్ళేసరికి వీధి మొగదల్లో నలుగురైదుగురు ఎదురుచూస్తున్నారు. మొదటి పిటిషనరు ఓబులమ్మ. ఒకప్పుడు ఇటుకలు మోసేదట, ఇప్పుడు మోకాళ్ళు సహకరించక ఇంటిముందే ఆకుకూరలు అమ్ముతోంది. రెండో పిటిషనరు ఈరన్న, సెంట్రింగ్ మేస్త్రీ. నేను నమస్కారం పెట్టి, తల వంచుకుని, పరికరం తీసి పని మొదలుపెట్టాను.

"ఈ పాపకు నోరే లేదే. కోర్టులో ఏం మాట్లాడతాది?" అన్నాడు ఈరన్న, నాకు వినబడేట్టే.

"మాట్లాడేదానికి లాయరమ్మ ఉండాది కదప్పా. ఈ పాప గీస్తాది. నీకు నోరుండాది, ఏమి గీసినావు ఇంతవరకు?" అంది ఓబులమ్మ.

అందరూ నవ్వారు. నాకు కూడా నవ్వొచ్చింది.

ప్రభుత్వ మ్యాపుల్లో ఆ కాలనీ లేదు. ఒక సర్వే నంబరు, దాని చుట్టూ నాలుగు గీతలు, లోపల తెల్లటి ఖాళీ. ఉపగ్రహ చిత్రంలో రేకులూ నీలం టార్పాలిన్లూ కలిసిపోయి, ఏ ఇల్లు ఎక్కడ ముగిసిందో తెలియదు. అందుకని ఒక్కో ఇంటి మూల దగ్గరా నిలబడి గుర్తు పెట్టుకుంటూ పోయాను. ఓబులమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ నా వెంటే నడిచింది. తన ఇంటి దగ్గర ఆగి, వాకిలి ఏ పక్కన ఉందో కూడా గీస్తావా అని అడిగింది. మామూలుగా గీయం. కానీ గీస్తాను అవ్వా అన్నాను.

"నీ కోళ్ళ గూడు కూడా గీయించుకో అవ్వా. దానికీ ఒక ఓటిస్తారు," అన్నాడు ఈరన్న.

కాలువ సంగతి నేను అడగకముందే అతనే మొదలుపెట్టాడు. అపార్టుమెంట్లు కట్టేటప్పుడు పాత కాలువ బిల్డరు స్థలంలో వంకర తిరిగి అడ్డమొచ్చిందట. గోడ వెనక తిన్నగా కొత్త కాలువ తవ్వించి, పాతదాన్ని కూల్చిన గోడల రాళ్ళతో, సిమెంటు పెళ్ళలతో నింపించాడట. పని అయిపోయాక, కావాలంటే ఈ మెరక మీద గుడిసెలు వేసుకోండి అన్నాడట.

"మేమే పూడ్చినాము పాపా. నేను, ఓబులవ్వ మొగుడు, ఇంగ అందరమూ. తలమీద మోసి పోసి, దిమ్మిస కొట్టినాము. ఈ పొద్దుటికీ ఒక్క ఇల్లు కుంగలేదు. కాలువ లేదనేదానికి మాకంటే సాక్షి ఎవురుండారు? ఆ మాట కోర్టు కాగితంలో రాయమని చెప్పు లాయరమ్మకు," అన్నాడు. అతని మొహంలో అంతసేపూ ఉన్న వెటకారం పోయి, పని తెలిసినవాడి నిండుతనం వచ్చింది.

నేను చెప్పాను. మేడమ్ సంతోషించింది. ప్రత్యక్ష సాక్షులు దొరికారు కదా. ఈరన్న పేరుమీద ఒక అదనపు అఫిడవిట్ తయారైంది. ఆ కాలువను మేమే పూడ్చాం, ఇప్పుడు కాలువ అపార్టుమెంట్ల గోడ వెనక పారుతోంది అని అందులో ఉంది. అఫిడవిట్ అంటే ప్రమాణం చేసి సంతకం పెట్టే వాంగ్మూలం. దాని వెనక జతచేయడానికి నా మ్యాపు. తుది విచారణకు ముందు రెండూ కలిపి దాఖలు చేయాలని అనుకున్నాం.

ఆ వీధిలో నేను ఇంకొకటి చూశాను. ప్రతి ఇంటి గడపా ఎత్తుగా ఉంది. ప్రతి ఇంట్లో బియ్యం డ్రమ్ము అటక మీదే ఉంది. ఎందుకని ఓబులమ్మను అడిగితే, పెద్ద వానొస్తే నీళ్ళు ఒకసారి వీధిలోకి వచ్చి చూసిపోతాయని, పాత దోవను అవి మరిచిపోలేదని చెప్పింది. ఊరి నుంచి వచ్చే చుట్టం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆ మాట నచ్చి డైరీలో రాసుకున్నాను. అందులో ఏముందో అప్పుడు ఆలోచించలేదు.

ఆఫీసులో ఓవర్‌లే చేశాను. అంటే ఒక మ్యాపు మీద ఇంకో మ్యాపును పరచడం. పాత గ్రామ నక్షను స్కాన్ చేసి, ఇప్పటికీ మారని గుర్తులను, అంటే చెరువు కట్ట మలుపు, పాత హద్దురాళ్ళు, ఊరి బాట కూడలి, ఉపగ్రహ చిత్రంలోని అవే గుర్తులతో కలపాలి. కలిసిందంటే పాత ఊరు కొత్త ఊరి అడుగున కూర్చుంటుంది. ఈ మ్యాపు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది. పాత కాలువకు నీలం రంగు వేశాను, కొత్త కాలువకు ముదురు నీలం, ఇళ్ళకు పసుపు, వార్డు హద్దుకు ఎరుపు. ఎర్రగీత ఇప్పుడు అక్కడ లేని కాలువ వెంబడి పోతోందని చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. మేడమ్ చూసి, కోర్టులు ఇలాంటివాటిలో వేలు పెట్టవు గానీ ఇంత పచ్చి పొరపాటు కళ్ళముందు పెడితే పెట్టక తప్పదని అంది. నేను గీసిన వాటిలో అంత అందంగా వచ్చిన మ్యాపు అదివరకు లేదు.

ఆ ఏడు వానలు ఎలా పడ్డాయో ఇక్కడివాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మహదేవపుర, సర్జాపుర వైపులు మునిగాయి. ఖరీదైన ఇళ్ళ ముందు ట్రాక్టర్లు జనాన్ని మోసుకుపోయాయి. నీళ్ళు తీశాక, రాజకాలువల మీద కట్టినవాటిని పడగొట్టడం మొదలైంది. ఒకరోజు మధ్యాహ్నం మా ఆఫీసు కింద టీకొట్టు టీవీలో చూశాను. ఒక గోడ మీద ఎర్రరంగు గుర్తు. పక్కన జేసీబీ. ఒకామె లోపలి నుంచి గ్రైండరు మోసుకొచ్చి రోడ్డు మీద పెట్టి, మళ్ళీ లోపలికి పోయింది. చేతిలో మ్యాపు పట్టుకున్న అధికారి ఆమె బయటికి వచ్చేదాకా నిలబడ్డాడు. కెమెరా ఆ మ్యాపును దగ్గరగా చూపించింది. పాత గ్రామ నక్ష మీద ఇప్పటి ఇళ్ళు. కాలువకు నీలం రంగు.

నేను పైకి వచ్చి నా మ్యాపు తెరిచాను. అంతవరకూ నేను ఎర్రగీతనే చూస్తున్నాను. ఇప్పుడు పసుపు ఇళ్ళను చూశాను. రెండు వరుసలూ నీలంలో ఉన్నాయి.

మా పనిలో ఒక సంగతి ఉంది. మ్యాపు మీద గీతకు వెడల్పు ఉండదు. వార్డు హద్దు ఒక సన్నటి గీత మాత్రమే, అది వీధి మధ్య నుంచి పోయినా ఏ ఇంటినీ తాకదు. కాలువకు వెడల్పు ఉంటుంది. పాత కాలువ ఆ వీధి కంటే ఎంతో వెడల్పు. గట్లు కూడా కలుపుకుంటే రెండు వైపుల ఇళ్ళనూ మింగేంత. నోటిఫికేషన్ మ్యాపులో వాళ్ళ ఇళ్ళు లేవు, కాలువ వెడల్పు లేదు. నా మ్యాపులో రెండూ ఉన్నాయి, తలుపు ఏ పక్కన ఉందో దానితో సహా. దానికి ముందు పేజీలో, ఆ కాలువను మేమే పూడ్చామని ప్రమాణం చేసి పెట్టిన సంతకం ఉంటుంది.

ఫోన్లో మాట్లాడడం నాకు చేతకాదు. మెసేజ్ రాశాను, చెరిపేశాను. చివరికి ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని మేడమ్ ఆఫీసుకు వెళ్ళి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పేశాను. మేడమ్ తెర వంక చాలాసేపు చూసింది. ఆవిడ గొంతు అంత చిన్నగా అదివరకు వినలేదు.

"నేను వార్డు కేసే చూస్తున్నా. ఇళ్ళ కేసు నాకు కనబడలేదు," అంది. తరువాత, "మనం తేల్చేది కాదిది. వాళ్ళనే అడుగుదాం, పద," అంది.

మేస్త్రీల వీధిలో బురద ఇంకా ఆరలేదు. గోడల మీద నీళ్ళు నిలిచిన మరక నడుమెత్తున ఉంది. ఓబులమ్మ ఇంటి ముందు టార్పాలిన్ కింద అందరూ చేరారు. మేడమ్ దాచకుండా చెప్పింది. మ్యాపూ అఫిడవిట్టూ పెడితే వార్డు ఒకటిగా నిలిచే అవకాశం ఉంది. కానీ ఇళ్ళు రాజకాలువలో ఉన్నాయని మీ చేత్తో మీరే కోర్టుకు రాసిచ్చినట్టవుతుంది. ఆ కాగితం అక్కడితో ఆగదు. పెట్టకపోతే కేసు ఓడిపోవడం దాదాపు ఖాయం.

"కోర్టులో నేను అబద్ధం చెప్పను. కాలువ అక్కడ ఎప్పుడూ లేదని అనమంటే అనను. తెలిసిందంతా చెప్పకుండా ఊరుకోవడం మాత్రం నా చేతిలో ఉంది. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి," అంది.

ఈరన్న లేచాడు. బిల్డరు చెప్పిన పని చేశాం, దొంగతనం చేశామా అన్నాడు. కాలువను జరిపించుకున్న అపార్టుమెంటు గోడను ఎందుకు పడగొట్టరు అన్నాడు. కొత్త కాలువకు వాళ్ళ దగ్గర అనుమతి కాగితం ఉందని, మీ దగ్గర ఏ కాగితమూ లేదని మేడమ్ చెప్పింది. అతను నెమ్మదిగా అడిగాడు.

"అయితే నా చేత్తో చేసిన పనిని నేను చేయలేదనాల్నా?"

"చేయలేదని అననక్కరలేదు. చెప్పకుండా ఉంటే చాలు."

"రెండూ ఒకటేలే లాయరమ్మా," అన్నాడు ఈరన్న, వీధివైపు తిరిగి.

కొందరు పెడదామన్నారు. కోర్టే మనల్ని కాపాడుతుందేమో అన్నారు. ఒక బాలింత చంటిపిల్లను ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడు ఓబులమ్మ మేడమ్‌ను వదిలేసి నావైపు తిరిగింది.

"పాపా, గీసినదానివి నువ్వు. మా ఇల్లు కాలవలో స్వల్ప ఉండాదా, పూర్తిగా ఉండాదా?"

అంతమంది ముందు నోరు విప్పడం నాకు కష్టం. అయినా నేనే చెప్పాలి.

"పూర్తిగా ఉంది అవ్వా."

"ఎదురింటి లక్షుమ్మది?"

"అది కూడా."

"ఈరన్నది?"

"సగం."

"విన్నావా ఈరన్నా, నీది సగమే. మిగిలిన సగంలో మేమందరం వచ్చి ఉంటాములే," అంది ఓబులమ్మ. ఒకరిద్దరు నవ్వారు.

"పెట్టొద్దులే లాయరమ్మా," అంది చివరికి ఓబులమ్మ. "ఓట్లు రెండుగా పోతే పోనీ. మళ్ళా ఎప్పుడన్నా కలుపుకుంటాము. ఇల్లు పోతే మేమే తలా ఒక దిక్కు పోతాము. అప్పుడు ఏ వార్డు మాది?"

ఈరన్న అఫిడవిట్ వెనక్కి తీసుకున్నాడు. చింపలేదు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తుది విచారణ రోజు మేడమ్ నన్ను కూడా రమ్మంది. మ్యాపు తీసుకురమ్మంది. న్యాయమూర్తి అడిగితే ఏం చెప్పాలో అప్పటికీ ఆవిడకు తేలినట్టు లేదు. నేను వెనక బెంచీలో, స్తంభం చాటున కూర్చున్నాను. మేడమ్ వాదన ఒక్క అంశానికి కుదించుకుంది. అభ్యంతరాన్ని వినకుండానే ఒక్క వాక్యంతో తోసిపుచ్చారని, మళ్ళీ విచారించమని ఆదేశించాలని కోరింది. న్యాయమూర్తి ఫైలు తిరగేస్తూ, హద్దు కంటికి కనిపించే గుర్తు వెంబడి లేదని పిటిషన్‌లో అన్నారు కదా, దానికి ఆధారంగా మ్యాపు ఏమైనా ఉందా అని అడిగారు.

మ్యాపు నా ఒళ్ళో ఉంది. మేడమ్ వెనక్కి తిరగలేదు.

"ఆ గ్రౌండ్‌ను మేం ప్రెస్ చేయడం లేదు, మైలార్డ్," అంది. పిటిషన్‌లోని ఆ వాదన మీద ఇక పట్టుబట్టడం లేదని దానర్థం.

తీర్పును అక్కడే డిక్టేట్ చేశారు. డీలిమిటేషన్ వ్యవహారంలో కోర్టు సాధారణంగా జోక్యం చేసుకోదు. హద్దు ప్రభుత్వ రికార్డులో ఉన్న రాజకాలువ వెంబడి ఉంది. దానికి విరుద్ధంగా పిటిషనర్లు ఏ ఆధారమూ చూపలేదు. పిటిషన్ కొట్టివేయడమైనది. ఏ ఆధారమూ అన్న మాట దగ్గర నేను తల ఇంకా వంచుకున్నాను. తప్పు అని చెప్పలేని తీర్పు అది. కోర్టు తన ముందుకు వచ్చినదాన్ని చూసే కదా చెబుతుంది.

బయటికి వచ్చాక మేడమ్ కళ్ళజోడు తుడుచుకుంటూ, వాళ్ళకు సాయంత్రం తను ఫోన్ చేస్తానని, నన్ను ఆఫీసుకు వెళ్ళిపొమ్మని చెప్పింది. ఆ మ్యాపు చింపెయ్, కంప్యూటర్లోంచి కూడా తీసెయ్ అంది. సరే మేడమ్ అన్నాను. కంప్యూటర్లోంచి తీసేశాను కూడా, మరుసటి రోజు. ఆ రోజు మాత్రం ఆఫీసుకు వెళ్ళలేదు. సర్జాపుర బస్సెక్కాను. చింపడమైతే వాళ్ళ కళ్ళముందే చింపాలని, అప్పుడే వాళ్ళకు నిద్రపడుతుందని అనిపించింది.

అప్పటి నుంచి ఆ వార్డులు మళ్ళీ మారాయి. గీతలు ఇంకా మారుతూనే ఉన్నాయి. నేను ఇప్పటికీ ఇదే పనిలో ఉన్నాను. ఏ ఇల్లు గీస్తున్నా, మధ్యలో ఒకసారి ఆగి, అడిగినవాళ్ళకు కావలసినదాన్ని వదిలేసి మ్యాపులో మిగతాదంతా చూస్తాను. ఈ గీత ఇంకెవరి చేతిలోనైనా పడితే ఏమవుతుందని చూస్తాను. కొత్తగా చేరినవాళ్ళకు కూడా చెబుతాను, ఎందుకో చెప్పకుండా.

తీర్పు వచ్చిన ఆ సాయంత్రం నేను మేస్త్రీల వీధికి వెళ్ళేసరికి ఓబులమ్మ ఆకుకూరల మీద నీళ్ళు చిలకరిస్తోంది. నా మొహం చూసి తెలుసుకున్నట్టుంది, పీట జరిపి కూర్చోమంది. ఓడిపోయాం అవ్వా, మీ వరుస ఒక వార్డు, ఎదుటి వరుస ఇంకో వార్డు అని చెప్పాను. ఆమె తలాడించి ఎదురింటి వైపు చూసింది. అక్కడ లక్షుమ్మ వాకిట్లో బట్టలు పిండుతోంది. ఈరన్న ఎక్కడినుంచో వచ్చి నిలబడ్డాడు. విషయం విని, ఇంక మీ వార్డులోకి రావాలంటే అడిగి రావాలేమో అవ్వా అన్నాడు. ఎవరూ నవ్వలేదు, అతనితో సహా.

నేను సంచిలోంచి మ్యాపు తీసి, దీన్ని మీ ముందే చింపేస్తాను అన్నాను. ముందు చూడనీ అంది ఓబులమ్మ.

గోనెపట్టా మీద పరిచాను. గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు తోటకూర కట్టలు పెట్టింది. చదువు రాకపోయినా వీధి తెలుసు కదా, చూపుడువేలితో మొగదల నుంచి మొదలుపెట్టి ఒక్కో పసుపు గడి మీదుగా వచ్చింది. ఇది మస్తానమ్మది, ఇది కొండయ్యది అంటూ వచ్చి ఒక గడి దగ్గర ఆగింది. వాకిలి గుర్తు చూసి, తూర్పుకే పెట్టినావు అంది. చుట్టూ జనం వంగారు. ఎవరి ఇల్లు వాళ్ళు వెతుక్కున్నారు. లక్షుమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వీధి దాటి వచ్చింది. ఓబులమ్మ ఇంటి వెనక ఒక చిన్న చదరం కనిపించి ఈరన్న నావైపు చూశాడు. కోళ్ళ గూడు అన్నాను. అతను తల పక్కకు తిప్పుకున్నాడు.

అందరూ చూశాక, తోటకూర కట్టలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి, మ్యాపును రెండు చేతులతో పట్టుకున్నాను. ఓబులమ్మ తడి చెయ్యి నా మణికట్టు మీద పడింది. మెల్లగా చుట్ట చుట్టి నా సంచిలో తనే పెట్టింది. బస్సు వచ్చేదాకా రోడ్డు పక్కన నాతోనే నిలబడింది. నేను ఎక్కబోతుంటే అంది:

"చింపొద్దు పాపా. మా ఇండ్లు గీసిండేది లోకంలో ఇదొకటే. నీ కాడే పెట్టుకో, ఎవురికీ చూపించొద్దు."